తీవ్ర గాయాల లెక్క ఎవరు రాశారో ముందు చెప్పండి

ఈమధ్య ఒక వార్త చదివాను. ఫలానా ప్రాంతంలో తీవ్రంగా గాయపడేవాళ్లు ఏడాదిలో బాగా పెరిగిపోయారట, పక్క ప్రాంతంలో తగ్గారట, కాబట్టి పక్కవాళ్లని చూసి నేర్చుకోవాలట. కింద రెండు నిలువు పట్టీల గ్రాఫు, ఎర్రది పొడుగ్గా, పచ్చది పొట్టిగా. ఎవరు లెక్కపెట్టారు, తీవ్రమని దేన్ని అన్నారు, నిరుడు కూడా ఇలాగే లెక్కపెట్టారా అన్నదాని గురించి ఒక్క ముక్క లేదు. ఇది చాలాకాలంగా నన్ను తొలుస్తున్న విషయం కాబట్టి ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తాను.

నేను చెప్పేది ఇంతే. ఒక ప్రాంతంలో ఇంతమందికి తీవ్ర గాయాలయ్యాయి అనే అంకె ముందుగా అక్కడి రిజిస్టరు ఎలా నడుస్తోందో చెబుతుంది, జనం ఎంత భద్రంగా ఉన్నారో ఆ తర్వాత, అదీ కొంచెమే చెబుతుంది. గాయాలు ఎక్కువగా కనిపించే చోటు చాలాసార్లు రాసుకోవడం బాగా వచ్చిన చోటు. అందుకే ఆ అంకెతో ప్రాంతాలకి ర్యాంకులిచ్చే పని మానుకోవాలంటాను.

వందకి ఎనభై రెండు

రాసుకోవడంలో తేడా ఎంతదూరం పోగలదో చూడాలంటే మన కేంద్ర రవాణా శాఖ ఏటా వేసే రోడ్డు ప్రమాదాల నివేదిక చాలు. 2022లో కేరళలో దాదాపు 44 వేల ప్రమాదాలు నమోదయ్యాయి, చనిపోయినవాళ్లు 4,300 పైచిలుకు. అదే ఏడాది బీహార్‌లో నమోదైన ప్రమాదాలు సుమారు 10,800, చనిపోయినవాళ్లు దాదాపు 8,900. బీహార్ జనాభా కేరళకి మూడింతలు, ప్రమాదాలు మాత్రం నాలుగోవంతు. ప్రమాదాల సంఖ్య ఒక్కటే చూసేవాడికి బీహార్ రోడ్లంత క్షేమమైనవి ఇంకోచోట ఉండవు. చావుల వైపు నుంచి చూస్తే అక్కడ ప్రతి వంద ప్రమాదాలకి 82 మంది పోయారు, కేరళలో పదిమంది.

ఈ మాట అంటే ఒక మిత్రుడు ఊరుకోలేదు. బీహార్‌లో ఆసుపత్రి దూరం, అంబులెన్సు ఆలస్యం, ఖాళీ హైవేల మీద లారీల వేగం, కేరళలోనేమో రోడ్డు పొడుగునా ఇళ్లే కాబట్టి బండి వేగం అందుకోదు, నిజంగానే అక్కడ చావులు ఎక్కువ కావచ్చు కదా అన్నాడు. కావచ్చు, కొంత ఒప్పుకుంటాను. కానీ ఒక్కో ప్రమాదంలో ఇద్దరు ముగ్గురు పోయేవి కూడా ఉంటాయనుకున్నా, కాళ్లూ చేతులూ విరిగి ప్రాణంతో బయటపడ్డ ప్రమాదాలు అంత కొద్దిగా ఉండడం ఏ రోడ్డు మీదా కుదరదు. బైకు మీంచి పడి మోకాలు చితికినవాడు, తలకి దెబ్బ తగిలి ఐసీయూలో ఉండి బతికి బయటపడ్డవాడు బీహార్‌లోనూ ఉన్నారు. వాళ్లని ఎవరూ రాయలేదు. శవాన్ని రాయక తప్పదు, పోస్ట్‌మార్టం ఉంటుంది, కాగితం పుడుతుంది. విరిగిన కాలుకి అలాంటి బలవంతం ఏమీ లేదు.

దేశం మొత్తం తీసుకున్నా కథ పెద్దగా మారదు. 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. ఒక చావుకి గాయాలు మూడు కూడా లేవు, అదీ చిన్నా పెద్దా అన్నీ కలిపి. ఉత్తర ఐర్లండ్‌ని పక్కనపెట్టి బ్రిటన్ లెక్క చూస్తే అదే ఏడాది చావులు 1,711, ఒక్కో చావుకి గాయాలు 78, అందులో తీవ్రమైనవే 16. వాళ్ల కార్లు వేరు, మన ద్విచక్రవాహనాలూ నడిచిపోయేవాళ్లూ వేరు, దెబ్బ తగిలితే మనకి ప్రాణం మీదకొచ్చే అవకాశం ఎక్కువే. అయినా మూడుకీ డెబ్భై ఎనిమిదికీ ఉన్న దూరమంతా అదే పూడుస్తుందని నేను నమ్మను.

ప్రపంచానికంతా కలిపి ఏటా రోడ్డు చావులు 11.9 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ప్రాణం పోని గాయాలెన్ని అంటే మాత్రం రెండు కోట్ల నుంచి అయిదు కోట్లు అంటుంది. చావుల దగ్గర పదివేల తేడాని కూడా పట్టించుకున్న సంస్థ గాయాల దగ్గరికొచ్చేసరికి మూడు కోట్లమందిని అటో ఇటో వదిలేయాల్సి వచ్చింది. అది వాళ్ల తప్పు కాదు, కింది నుంచి వచ్చే లెక్కే అలా ఉంది.

పన్ను విరిగినా తీవ్రమే

సరే, అన్ని చోట్లా అందర్నీ రాశారనుకుందాం. అప్పుడైనా పోల్చొచ్చా అంటే, తీవ్రం ఎక్కడ మొదలవుతుందో తేలాలి. మన పాత శిక్షాస్మృతి 320వ సెక్షన్లో ఎనిమిది రకాలు చెప్పారు. కంటిచూపు పోవడం, చెవి వినపడకపోవడం, అవయవం పోవడం, ముఖం శాశ్వతంగా వికారమవడం లాంటి వాటితోపాటు ఎముక గానీ పన్ను గానీ విరగడం కూడా అందులో ఉంది. చివరిది, ప్రాణాపాయం కలిగించే గాయం, లేదా 20 రోజులపాటు తీవ్రమైన నొప్పితోనో తన పనులు తాను చేసుకోలేకుండానో ఉంచే గాయం. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్లో ఆ 20 కాస్తా 15 అయింది. కాబట్టి ఎముకా పన్నూ విరక్కుండా పదిహేడు రోజులు మంచం పట్టినవాడికి జూన్‌లో తగిలితే మామూలు గాయం, జులైలో తగిలితే తీవ్ర గాయం. చట్టానికి ఈ గీత శిక్ష వేయడానికి కావాలి, లెక్కలకోసం గీసింది కాదు, శిక్ష వరకు అది సరిపోతుందేమో కూడా. కాకపోతే స్టేషన్లో రాసే మనిషి చేతిలో ఉన్న కొలబద్ద అదే.

జర్మనీలో ఆసుపత్రిలో కనీసం 24 గంటలుంటే తీవ్రం. బ్రిటన్ పోలీసు లెక్కలో వేలు విరిగినా తీవ్రమే. వైద్యులు వాడే ఏఐఎస్ అనే కొలమానం ఇంకోలా నడుస్తుంది. ఒక్కో గాయానికి 1 నుంచి 6 వరకు అంకె వేస్తుంది. వేలు విరిగితే 1, తొడ ఎముక విరిగితే 3, ఆరు అంటే ఇక బతికించే దారి లేనట్టే. ఐరోపా సంఘం ఇదంతా చూసి విసిగి, రోడ్డు ప్రమాదాల్లో ఒక మనిషికి తగిలిన గాయాల్లో అన్నిటికన్నా పెద్దదానికి 3 లేదా ఆపైన వస్తేనే తీవ్రమని లెక్కించండి అని సభ్యదేశాలకి చెప్పింది. ఆ కొలతతో చూస్తే మన సెక్షన్లోని విరిగిన పన్నూ, బ్రిటన్ వారి విరిగిన వేలూ రెండూ జాబితాలోంచి లేచిపోతాయి.

బ్రిటన్‌లో ఆ తర్వాత జరిగింది నాకు భలే ఇష్టమైన ఉదాహరణ. ఒకప్పుడు గాయం తీవ్రమా స్వల్పమా అన్నది అక్కడికెళ్లిన పోలీసే తేల్చేవాడు. 2016 ప్రాంతంలో చాలా పోలీసు విభాగాలు కొత్త పద్ధతికి మారాయి. ఇప్పుడు పోలీసు ఏ గాయం తగిలిందో జాబితాలోంచి ఎంచుకుంటే చాలు, తీవ్రమా కాదా అన్నది కంప్యూటరే తేలుస్తుంది. మారిన చోటల్లా తీవ్ర గాయాల సంఖ్య లేచింది. రోడ్లు అవే, డ్రైవర్లు వాళ్లే. గణాంక శాఖవాళ్లు వెనక్కి వెళ్లి పాత ఏళ్ల అంకెల్ని కూడా కొత్త పద్ధతి ప్రకారం సవరించి, రెండు వరసలూ ప్రచురించాల్సి వచ్చింది. వాళ్లు సవరించారు కాబట్టి తెలిసింది. సవరించని దేశాల్లో ఇలాంటి పెరుగుదలని చూసి ఎన్ని సంపాదకీయాలు పడి ఉంటాయో.

ఆసుపత్రిలో చేరడాన్ని గీతగా పెట్టుకుంటే ఇంకో చిక్కు. చేరడమనేది పడకల మీద ఆధారపడుతుంది, డబ్బు ఎవరు కడతారన్నదాని మీద, ఇల్లెంత దూరమన్నదాని మీద కూడా. ఒకప్పుడు వారం రోజులు వార్డులో ఉంచిన మణికట్టు ఫ్రాక్చరుని ఇవాళ ప్లేటు వేసి సాయంత్రానికి ఇంటికి పంపేస్తున్నారు. ఎముకలు విరిగే తీరులో ఏ మార్పూ లేకుండానే ఆ గాయం లెక్కలోంచి మెల్లగా జారిపోతుంది.

రాస్తే ఎవరికేం ఒరుగుతుంది

గాయం రాయాలంటే రాయడంవల్ల ఎవరికో ఒకరికి పని జరగాలి. రెండు బళ్లు గుద్దుకుంటే ఎఫ్ఐఆర్ కావాలి, పరిహారం కేసుకి అది లేకపోతే కష్టం. అదే బైకు స్కిడ్ అయి ఒక్కడే పడ్డాడనుకోండి, ఎవరి మీద పెడతాడు కేసు? పైగా లైసెన్సు ఏది, హెల్మెట్ పెట్టుకున్నావా అనే ప్రశ్నలొకటి. వాడు నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి పోతాడు, కట్టు కట్టించుకుంటాడు, అయిపోయింది. ఒంటరిగా పడ్డవాళ్ల గాయాలు పోలీసు లెక్కల్లో తక్కువగా కనిపించడం ఒక్క మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. స్వీడన్‌లో ఆసుపత్రుల లెక్కా పోలీసుల లెక్కా కలిపి చూసేసరికి సైకిలు మీంచి ఒంటరిగా పడ్డవాళ్లు కుప్పలుగా బయటపడ్డారు.

హైదరాబాదులో ఇంటింటికీ తిరిగి, ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో కూర్చుని చేసిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో చేరినవాళ్లలో కూడా, ఇంటింటి సర్వే ప్రకారం, అయిదుగురిలో ఒకరికన్నా తక్కువమందే పోలీసుల దాకా చేరారు. చేరినవాళ్ల సంగతే ఇది. కట్టు కట్టించుకుని ఇంటికెళ్లిపోయినవాళ్ల గురించి అడగనే అక్కర్లేదు.

పని చోట్ల ఇంకో రకం. నాకు తెలిసినవాడొకడు ఒక నిర్మాణ కంపెనీలో సేఫ్టీ ఆఫీసరుగా చేసేవాడు. సైటు గేటు దగ్గర పెద్ద బోర్డు, ప్రమాదం వల్ల పని నష్టపోకుండా ఇన్ని రోజులు గడిచాయని రోజూ అంకె మార్చేవాళ్లు. ఒకరోజు ఒక హెల్పరుకి గ్రైండర్ చక్రం తగిలి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లోతుగా తెగింది, కుట్లు పడ్డాయి. డాక్టరు విశ్రాంతి రాశాడు. సూపర్‌వైజర్ మాత్రం "నువ్వేం పని చెయ్యొద్దు నాయనా, వచ్చి కూర్చో చాలు" అన్నాడు. మర్నాడు ఆ కుర్రాడు కట్టుతో వచ్చి కంటెయినర్ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాడు, మస్టర్లో ఎడమచేత్తో సంతకం గీకాడు. హాజరు పడింది కాబట్టి పని నష్టపోలేదు, బోర్డు మీద అంకె ఇంకో ఒకటి పెరిగింది. ఇందులో ఎవరూ రాక్షసులు కారు. బోర్డు సున్నాకి వస్తే బోనస్ పోతుంది, ఆ కుర్రాడిది కూడా.

ఫిన్లాండ్ నిర్మాణరంగం మీద 1998లో వచ్చిన ఒక పరిశోధనలో ప్రమాదాలు తక్కువగా నమోదైన ఏళ్లలోనే చావులు ఎక్కువగా కనిపించాయి. ఎందుకిలా అన్నదానికి రకరకాల వివరణలిస్తారు. నాకు మాత్రం ఆ కుర్చీలో కూర్చున్న కుర్రాడే గుర్తొస్తాడు. చిన్న గాయాలు తగ్గితే పెద్దవీ తగ్గుతాయని 1931లో అమెరికా భద్రతా నిపుణుడు హైన్‌రిక్ వేసిన 1, 29, 300 లెక్కని (ఒక పెద్ద గాయానికి 29 చిన్న గాయాలు, గాయమేమీ కాని 300 ప్రమాదాలు) ఇప్పటికీ ట్రెయినింగుల్లో స్లైడు వేసి చూపిస్తారు. చిన్నవి కనపడకుండా చేయడం సులువని తెలిసినవాళ్లు ఆ లెక్క మీద అంత భారం వేయకూడదు.

మా పెద్దమ్మ ఏ లెక్కలో ఉంది?

గాయం అనగానే మనకి రోడ్డే గుర్తొస్తుంది, నేనూ ఇంతసేపూ రోడ్ల గురించే రాశాను. ప్రమాదవశాత్తు పోయే ప్రాణాల్లో రోడ్డు తర్వాతి స్థానం పడిపోవడానిది. ఏటా 6,84,000 మంది కింద పడి చనిపోతున్నారని, వైద్యం అవసరమయ్యేంతగా పడిపోయే సందర్భాలు 3.73 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ చావుల్లో పెద్ద వయసువాళ్లదే పెద్ద వాటా.

మా పెద్దమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. డిశ్చార్జి కాగితం నేనే చదివాను. ఏ ఎముక, ఎక్కడ విరిగింది, ఏ ఇంప్లాంటు వేశారు, దాని సైజెంత, ఏ మందు ఎన్ని పూటలు, అన్నీ వివరంగా ఉన్నాయి. ఎలా పడిందో మాత్రం లేదు. తడి నేల అని గానీ, రాత్రి నిద్రమత్తులో లేచిందని గానీ, బీపీ మాత్ర మార్చాక కళ్లు తిరుగుతున్నాయని చెబుతూ వచ్చిందని గానీ ఒక్క ముక్క లేదు. బాగుచేసే డాక్టరుకి అది అక్కర్లేదు, నిజమే. ఇంకొకరు పడకుండా ఆపాలనుకునేవాడికి కావలసింది ఆ ఒక్క ముక్కే.

అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో గాయానికి ఒక కోడు, దాని కారణానికి ఇంకో కోడు ఉంటాయి. జారిపడటానికి, మెట్ల మీంచి పడటానికి, మంచం మీంచి పడటానికి వేర్వేరు కోడ్లున్నాయి. ఏమీ తెలియకపోతే వేయడానికి డబ్ల్యు19 అని ఒకటి, అది పడ్డారని మాత్రం చెబుతుంది, ఎలా అన్నది చెప్పదు. అదీ లేకపోతే ఎక్స్59, ఏదో తగిలింది, ఏదో తెలియదు. చాలా దేశాల్లో ముసలివాళ్ల తుంటి ఎముకలు ఈ ఎక్స్59లోనే పోగుపడుతుంటాయి. ఇంకో సంగతి, తుంటి విరిగినవాళ్లలో ఏడాది తిరిగేసరికి అయిదోవంతో అంతకన్నా ఎక్కువమందో ఉండరు. చివరికి ప్రాణం తీసింది న్యుమోనియా అయితే కాగితం మీద న్యుమోనియానే ఉంటుంది, గాయం అక్కడితో మాయం.

పడి ఎముకలు విరగ్గొట్టుకునేది ఎక్కువగా ముసలివాళ్లే కాబట్టి, వృద్ధులు ఎక్కువున్న ప్రాంతానికి కుర్రకారు ఎక్కువున్న ప్రాంతంతో పోలిక పెట్టాలంటే వయసు ప్రకారం సవరించి చూడాలి. జనంలో జబ్బులూ గాయాలూ ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే ఎపిడెమియాలజీలో ఇది మొదటి పాఠం కాబట్టి సాగదీయను. వార్తల్లో అది దాదాపు ఎప్పుడూ కనపడదని మాత్రం అంటాను.

ఇరవై ఇరవై ఎనిమిదైతే

ఇంకా చిన్న గొడవ ఒకటుంది, ఎవరి దురుద్దేశమూ లేకుండా వచ్చేది. ఒక చిన్న ప్రాంతంలో ఏడాదికి 20 తీవ్ర గాయాలు అనుకుందాం. మరుసటేడు 28 అయ్యాయి. నలభై శాతం పెరిగింది, శీర్షిక రెడీ. కానీ ఏ మార్పూ లేకుండా, ప్రమాదం అంతే ఉన్నా, ఇరవై చుట్టూ తిరిగే అంకె ఒక ఏడు పదహారు, ఇంకో ఏడు ఇరవై అయిదు అవడం మామూలే, దాని స్వభావమే నాలుగైదు అటూ ఇటూ ఊగడం. రెండేళ్ల మధ్య ఎనిమిది తేడా ఏమంత వింత కాదు. అదే 2,000 కాస్తా 2,800 అయిందంటే నేనూ లేచి కూర్చుంటాను. చిన్నచోట్ల కనీసం మూడు నాలుగేళ్లు కలిపి చూడకుండా శాతాలు రాసేవాళ్లకి ఏదైనా జరిమానా ఉంటే బావుండును. మరి నిజంగానే ఆ ఎనిమిదీ ఒకే మలుపు దగ్గర జరిగితే? అప్పుడు శాతంతో పని లేదు, ఆ మలుపుని చూడాలి.

అయితే లెక్కే వద్దా?

ఇదంతా చదివి, అంకెలన్నీ చెత్త కాబట్టి వదిలేద్దాం అన్నావు అంటారేమో, నేననేది అది కాదు. లెక్కలేని చోట డబ్బు రాదు, డాక్టర్లు రారు. నా ఉద్దేశంలో ఖర్చు పెట్టాల్సింది ఆసుపత్రి డిశ్చార్జి రికార్డు మీద, అందులో కారణం అనే గడి మీద. ఒక్క జాబితా మీద ఆధారపడకపోతే ఇంకా మంచిది. చెరువులో చేపలెన్నో తెలుసుకోవడానికి కొన్నిటిని పట్టి గుర్తుపెట్టి వదిలి, మళ్లీ వలేసినప్పుడు గుర్తున్నవెన్ని పడ్డాయో చూస్తారు కదా, ఆ పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది. పోలీసు జాబితాలో 100 మంది, ఆసుపత్రి జాబితాలో 150 మంది, రెండిట్లోనూ ఉన్నవాళ్లు 60 అనుకోండి. అప్పుడు అసలు సంఖ్య 250 ఉండొచ్చని లెక్క తేలుతుంది, అంటే ఎవరూ రాయని 60 మంది ఉన్నారు. ఒక జాబితాలో ఉన్నవాడికి రెండోదాంట్లో ఉండే అవకాశం ఎక్కువైతే, సాధారణంగా ఎక్కువే, అసలు సంఖ్య అంతకన్నా పెద్దదే అవుతుంది.

పోల్చక తప్పని చోట న్యూజిలాండ్ పద్ధతి నాకు నచ్చింది. ఆసుపత్రిలో చేరినవాళ్లందర్నీ వాళ్లు లెక్కలోకి తీసుకోరు. ఆ రకం గాయంతో ప్రాణం పోయే అవకాశం కనీసం 6 శాతం ఉంటేనే తీవ్రం. అంత పెద్ద గాయమైతే ఎక్కడున్నా, పడకలున్నా లేకపోయినా, మనిషి ఆసుపత్రికి చేరతాడు, చేరితే చేర్చుకుంటారు. డాక్టరు అలవాటు మారినా అంకె ఊగిపోదు.

ఇందులో నాకున్న ఇబ్బంది ఒకటే, అది తీరేలా కూడా లేదు. బొటనవేలు తెగిపోయిన వడ్రంగికి ప్రాణానికేం ఢోకా లేదు, 6 శాతం దరిదాపుల్లోకి రాడు. ముఖం కాలినామె, కన్ను పోయిన వెల్డరు, వాళ్లలోనూ చాలామంది రారు. పాముకాటు వల్ల చేతులో కాళ్లో తీసేయాల్సొచ్చి, లేదా ఇంకోరకంగా శాశ్వత వైకల్యంతో మిగిలిపోయేవాళ్లు ఆ కాటుతో చనిపోయేవాళ్లకి దాదాపు మూడింతలని అంటారు, వాళ్లు కూడా చాలావరకు బయటే. పన్నునీ కన్నునీ ఒకే వరసలో పెట్టిన ఆ పాత 320వ సెక్షన్ వీళ్లని మాత్రం వదల్లేదు. ప్రాంతాల్ని పోల్చడానికి పనికొచ్చే గట్టి అంకె బతుకుతెరువు పోయినవాళ్లని వదిలేస్తుంది, వాళ్లని కలుపుకునే అంకె పోలికకి నిలబడదు. కాబట్టి రెండు అంకెలు వేరువేరుగా ఉండాలి, ఒకటి ప్రాణాపాయానికి, ఇంకోటి గాయమైన ఏడాదికి ఆ మనిషి మళ్లీ పనిలోకి వెళ్లాడా లేదా అన్నదానికి. మొదటిదాన్ని డిశ్చార్జి కాగితంలోంచే తీయొచ్చు. రెండోదానికి ఏడాది తర్వాత ఎవరో ఫోన్ చేసి అడగాలి, ఆ ఫోన్ చేసే ఉద్యోగం ఇప్పటిదాకా ఏ బడ్జెట్లోనూ నాకు కనపడలేదు.